స్ట్రెచర్ మీద సరిహద్దు దాటాను

మా దీవి అమెరికాది, దాని చివర నిలబడితే ఎదురుగా కనిపించే దీవి కెనడాది. మధ్యలో ఒక సముద్రపు పాయ, అంతే. గాలి ఇటు తిరిగితే వాళ్ళ చర్చి గంట మా వంటింట్లోకి వినిపిస్తుంది. ఇల్లు అంటుకున్నా, పడవ బోల్తాపడినా రెండు దీవులవాళ్ళూ ఒకరికొకరు పరిగెత్తుకొస్తారు. పెద్దాసుపత్రులు చాలా దూరం కదా, మాకు పక్కవాళ్ళే దిక్కు.

మా ఆయనది ఇంటినుంచి చేసే ఉద్యోగం. సముద్రం చూస్తూ కోడ్ రాసుకుంటానని నన్ను ఇక్కడికి తెచ్చిపడేశాడు. నా వీసా మీద నేను ఉద్యోగం చేయకూడదు. గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక ఫైర్ స్టేషన్‌లో వాలంటీర్‌గా చేరాను. వారానికోసారి అవతలి దీవి క్లినిక్‌తో రేడియో చెక్ చేయడం నా పని. ఒకరోజు అటునుంచి కొత్త నర్సు గొంతు వినిపించింది. అంతా శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పి, చివర్లో "ఓవర్ అండీ" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అందరూ వింటున్నారన్న సంగతే మర్చిపోయి, "మీదే ఊరండీ?" అని అరిచాను.

ఆమెది తెనాలి, నాది ఖమ్మం. ఆ సాయంత్రం నుంచి రోజూ ఫోనే. నన్ను అక్కా అనేది. ఎన్ని కబుర్లు చెప్పుకున్నా నా కోరిక మాత్రం ఒక్కటే, ఆ పిల్లని ఒక్కసారి ఎదురుగా చూడాలి. మా గ్రీన్‌కార్డ్ కాగితాలు ప్రాసెస్‌లో ఉన్నాయి, దేశం దాటొద్దని లాయర్ హుకుం. ఆమెకేమో అమెరికా వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. మా దీవి ముసలమ్మలు అటువైపు పేకాటకెళ్ళి వస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఏటా వేసవిలో పాయ మధ్యలో డ్రిల్ జరుగుతుంది. ఒక దీవి పడవలోంచి రోగిని స్ట్రెచర్ మీద అవతలి పడవలోకి అందిస్తారు. వాళ్ళు పరీక్షించి వెనక్కిచ్చేస్తారు. ఎవరూ అవతలి ఒడ్డున కాలు పెట్టరు, పైగా రెండు దేశాల అధికారులకూ ముందే చెప్పి ఒప్పిస్తారు. చలికీ కుదుపులకీ భయపడి రోగిగా పడుకోవడానికి ఎవరూ ముందుకు రారు. ఆ ఏడాది మా ఫైర్ స్టేషన్ చీఫ్ అడగడం పూర్తికాకముందే నేను చెయ్యెత్తాను.

జాకెట్ జేబులో రెండు సున్నుండలు పెట్టుకున్నాను. చేతులు కూడా కలిపి కట్టేస్తారని నాకేం తెలుసు!

నన్ను గాల్లోకి లేపారు, అవతల దించారు. ఫోన్‌లో చూసిన ముఖమే, కానీ అంత చిన్నపిల్ల అనుకోలేదు. నా మీదకి వంగింది.

"పెయిన్ ఎక్కడక్కా?"

"అంతటా" అన్నాను. ఇద్దరం నవ్వాం.

"జేబులో సున్నుండలున్నాయి, తీసుకోవే."

"అందరూ చూస్తున్నారక్కా." గ్లవ్ తీసి నా మణికట్టు పట్టుకుంది. నాడి చూడటానికి అంతసేపు అక్కర్లేదు. తర్వాత ఆ చెయ్యే నా నుదుటి మీద పెట్టింది. వెచ్చగా ఉంది. నన్నలా ముట్టుకుని అమ్మలక్కలెవరైనా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

"ఒక మాట దాచానక్కా. నా కాంట్రాక్ట్ అయిపోతోంది, నెక్స్ట్ మంత్ టొరంటో వెళ్ళిపోతున్నా. ఫోన్‌లో చెప్తే ఏడుస్తావని..."

లేచి కావలించుకుందామంటే పట్టీలు. వాళ్ళ కెప్టెన్ టైమైందన్నాడు. పేషెంట్ స్టేబుల్ అని ఆమె రేడియోలో చెప్పింది. చివర్లో అండీ లేదు.

మా పడవలో పట్టీలు విప్పుతూ, ఏడుపు అచ్చం నిజంలా ఉందని చీఫ్ మెచ్చుకుంది. జేబులో చెయ్యి పెడితే సున్నుండలు పొడి పొడి అయిపోయాయి.

ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం, కాకపోతే ఆమెకి షిఫ్టులు ఎక్కువ. ఈ వేసవి మళ్ళీ డ్రిల్ వచ్చింది. రోగిగా ఎవరు పడుకుంటారంటూ చీఫ్ నా వైపే చూసింది. నేను వంగి బూట్ల లేసులు కట్టుకున్నాను.