కుడి పక్క స్టీరింగు

ఇది యుద్ధగాథ. పల్నాటివాణ్ణి కాబట్టి యుద్ధం గురించి రాసే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఇందులో మిలటరీ లారీ ఉంది, ఏడు నెలల ముట్టడి ఉంది, చేతుల మీద గాయాలున్నాయి, చివర్లో ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టే ఘట్టం కూడా ఉంది.

అంత లేదు లెండి. లారీ జానెడు పొడవు, ప్లాస్టిక్‌ది. సైన్యమంటే నేనూ మా నాన్నా. గాయాలు నెయిల్ కట్టర్ వల్ల అయినవి. ముట్టడి జరిగింది నరసరావుపేటలో మా ముందు గదిలో, దివాన్ మీద, ఆపేసిన కూలర్ ఎదురుగా. కూలర్ వేస్తే లారీ ముక్కలు ఎగిరిపోతాయి. వేయకపోతే మేం పోతాం. మొత్తానికి ముక్కల్నే కాపాడుకున్నాం.

నాన్న ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం ఎక్కించుకుని ఎక్కడెక్కడికో వెళ్లి, కనుబొమ్మలు కూడా తెల్లగా చేసుకుని ఇంటికొచ్చేవాడు. సొంత బండి. మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారింది. గ్లాసుకేం కాలేదు, స్టీలుది. చెయ్యే పడిపోయింది, దాని వెనకే కాలూ మాటా, పక్షవాతం. గుంటూరు ఆసుపత్రిలో పది రోజులుండి వచ్చాక కాలు తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది, కాస్త ఎక్కువే వచ్చింది. కుడి చెయ్యి మాత్రం భుజం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. వేళ్లు ఎవరో మర్చిపోయి వెళ్లిన సామానులా ఒళ్లో పడి ఉండేవి.

లారీని ఇంటి పక్క ఖాళీ స్థలంలో నిలబెట్టి పట్టా కప్పాం. వారం తిరక్కముందే ఎదురింటి కోళ్లు దాని కింద కాపురం పెట్టాయి.

నేనప్పుడు ఇంట్లోనే ఉన్నాను. ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నానని అమ్మ అందరికీ చెప్పేది, నేనూ కాదనేవాణ్ణి కాదు. ఇంట్లో పని లేని చేతులు నావే కాబట్టి చొక్కా తొడగడం, గడ్డం గీయడం, పొద్దునా సాయంత్రం ఆ వేళ్లను ఒక్కొక్కటే వంచి చాచడం నా వాటాకొచ్చాయి. వేలికి ఇరవై సార్లు. అయిదు వేళ్లు, రెండు పూటలు. లెక్కల పరీక్షలో నాకు ఎప్పుడూ కుదరని లెక్క ఆ రోజుల్లో కుదిరింది, రోజుకు రెండొందలు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వారానికి మూడు రోజులు వచ్చేది. మొదట రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది.

"నేనేమన్నా చంటిపిల్లోణ్ణా?" అని నాన్న దాన్ని ఎడం చేత్తో గుమ్మంలోంచి విసిరాడు. ఆ విసరడం చూసి ఆ అమ్మాయి మెచ్చుకుంది.

తర్వాత బియ్యంలో కందిపప్పు కలిపి, పప్పు గింజలు ఏరమంది. అది నాలుగు రోజులు సాగింది. అయిదో రోజు అమ్మ చేటెడు మినుములు తెచ్చి ముందు పెట్టి, "ఎట్టాగూ ఏరతన్నావుగా, వీటిల్లో రాళ్లున్నయ్యి, చూడు" అంది. నాన్న ఆ రోజుతో వైద్యం మానేశాడు.

"ఆయనకి ఇష్టమైన పనేదన్నా చూడండి. సన్నపని. వేళ్లతో పట్టుకోవాలి, తిప్పాలి" అంది ఆ అమ్మాయి.

ఆయనకి ఇష్టమైన పని పది టైర్ల మీద ఉంటుంది. నేను ఫోన్లో వెతికి బొమ్మ లారీ ఒకటి తెప్పించాను. డబ్బా మీద బురదలో దూసుకుపోతున్న పాతకాలపు మిలటరీ లారీ బొమ్మ, అదిరిపోయింది. మూత తీస్తే లారీ లేదు. ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని నూట ముప్పై చిల్లర ముక్కలు, చిన్న జిగురు ట్యూబు, అక్షరం ముక్క అర్థం కాని కాగితం ఉన్నాయి.

"ఏందిరా ఇది? యాక్సిడెంటైన బండా?" అన్నాడు నాన్న.

"మనమే బిగించుకోవాలంట నాన్నా."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. తర్వాత చాసిస్ ముక్కను ఎడం చేత్తో తీసి వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి, వంకర ఉందేమో చూశాడు. ఆ చూడటంలోనే నాకు తెలిసింది, నా వేసవి అయిపోయిందని.

అదే వారంలో పిడుగురాళ్ల నుంచి పాత బండ్ల బ్రోకరు ఫోన్ చేశాడు. తర్వాత ప్రతి సోమవారం చేశాడు. అమ్మ ఒక సోమవారం ఫోన్ పెట్టేసి వచ్చి దివాన్ పక్కన నిలబడింది.

"ఏమయ్యా, ఆ బండి అట్టా ఎన్నాళ్లు పెడతావు? తుప్పు పట్టిపోద్ది. ఇచ్చేద్దాం."

నాన్న ముక్క మీంచి తల ఎత్తలేదు. "ఈ బండి అవనియ్యవే. అయినాక ఆ బండెక్కి, ఈ చేత్తోనే తాళం తిప్పుతా. తిరగలేదనుకో, ఇచ్చెయ్. నేనేం మాట్టాడను."

"తిరిగితే?"

"తిరిగితే అమ్మవు."

అమ్మ నా వైపు చూసింది, సాక్షి సంతకానికి చూసినట్టు. తాళం తిరిగినంత మాత్రాన బండి నడపొచ్చని కాదు, అది డాక్టరు చెప్పాలి, ఆర్టీవో ఆఫీసువాళ్లు చెప్పాలి. ఈ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు, నాన్నకు మా ఇద్దరికంటే బాగా తెలుసు.

అలా నూట ముప్పై ముక్కల మీద మా లారీ భవిష్యత్తు నిలబడింది. నేను కూర్చుంటే రెండు రోజుల పని. కానీ నా పని సాయం చెయ్యకుండా కూర్చోవడం. దానంత అలుపు పుట్టించే పని ఇంకొకటి నేనింతవరకు చూడలేదు. ఆయన కుడి చూపుడువేలూ బొటనవేలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చేవి. మధ్యలో ముక్క జారేది. దివాన్ కింద దూరి వెతికి ఇచ్చేవాణ్ణి. మళ్లీ జారేది. రోజుకు ఒక ముక్క అతికితే పండగ. జిగురు వాసనకి అమ్మ, "ఇంట్లో పురుగుమందు కొట్టినట్టుంది" అని వంటగది తలుపు వేసుకునేది. ఒకసారి తలుపు కొంచెం తీసి, "మీ మిలిట్రీ ముక్కొకటి చేటలోకొచ్చింది, కూరలో ఏసేదాన్నే" అని అద్దం ముక్క ఒకటి అందించింది.

ఒక మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే నాకు ఓపిక చచ్చిపోయింది. వెనక చక్రం ఒకటి తీసి, జిగురు రాసి, తిన్నగా పెట్టేశాను. పది సెకన్లు పట్టింది. ఆయన లేచి, కళ్లజోడు పెట్టుకుని, బండిని తిప్పి చూశాడు.

"ఇది నువ్వు పెట్టావు."

"లేదే."

"ఒరేయ్, నేను పెట్టింది ఇంత సక్కగా ఉండదు."

ఆ చక్రాన్ని ఎడం చేత్తో పెరికేశాడు. మళ్లీ కుడి చేత్తో పెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పటికీ అది కాస్త బయటికి వాలి ఉంటుంది. ఆ మూడు రోజులూ ఆయన నాతో మాట్లాడలేదు. వేళ్లు మాత్రం పొద్దునా సాయంత్రం ఇచ్చాడు, వంచడానికి.

దాచడమెందుకు, ఆ రోజుల్లో నేను పిడుగురాళ్ల బ్రోకరు వైపే ఉన్నాను. బండి వెళ్లిపోతే ఈ ముక్కలు ఆగుతాయి, కూలర్ వేసుకోవచ్చు అనుకున్నాను. పైగా, నిజంగా తాళం తిరిగి, ఆయన నిజంగా రోడ్డెక్కితే? ఆ ఆలోచన రాగానే దివాన్ కింద ఇంకాసేపు వెతికేవాణ్ణి, ముక్క దొరికాక కూడా.

వానలు మొదలయ్యాక క్యాబిన్‌కు వచ్చాం. కాగితంలో స్టీరింగు ఎడమ పక్కన ఉంది. ముందున్న పలకకు చిల్లు కూడా ఎడమ పక్కనే ఉంది.

"తప్పేశాడురా ఈడు" అన్నాడు నాన్న.

"తప్పు కాదు నాన్నా. ఈ బండి చేసిన దేశంలో అట్టాగే ఉంటది."

"ఏ దేశమైతే నాకెందుకు? ఈ బండి నిలబడేదేడ? మన టీవీ పక్కన. నరసరావుపేటలో ఎడం పక్కన కూర్చుని నడిపితే ఎదరొచ్చేవోడు ఎట్టా కనపడతాడ్రా?"

"ఎదరొచ్చేవోడు ఎవుడు నాన్నా, రిమోటా?"

ఆయన వినలేదు. సూదిని గ్యాస్ మంట మీద కాల్చి తెమ్మన్నాడు. దాంతో కుడి పక్కన చిల్లు పొడిచాడు. నాలుగుసార్లు తప్పి, అయిదోసారి. క్లచ్చూ బ్రేకూ ఎడమ పక్కనే ప్లాస్టిక్‌లో పోసేసి ఉన్నాయి కాబట్టి వాటినేం చెయ్యలేకపోయాం. ప్రస్తుతం ఆ లారీ నడపడానికి ఇద్దరు కావాలి, ఒకడు తొక్కడానికి, ఒకడు తిప్పడానికి. మా ఇంటి పద్ధతీ అదే.

అంతా అయిపోయిందనుకుంటుంటే అడిగాడు: "తాళమేదిరా?"

"ఇందులో తాళం లేదు. పాత మిలటరీ బండ్లకి ఉత్త స్విచ్చే అంట."

"తాళం లేని బండా? మిలిట్రీలో దొంగలుండరా?"

మిగిలిన చట్రంలోంచి నెయిల్ కట్టర్‌తో ఆవగింజంత ముక్క కత్తిరించమన్నాడు. దాన్ని స్టీరింగు పక్కన, కుడి వైపు, తన చేత్తో అతికించాలని కూర్చున్నాడు. వారం పట్టింది. రెండుసార్లు చీమ మోసుకుపోయిందని ఆయన వాదన. మా ఇంటి చీమలకు అంత అభిరుచి లేదని నా వాదన. ఏడో రోజు ఆ రెండు వేళ్లూ దారి తప్పకుండా వచ్చి, ముక్కను వదిలి, ఖాళీగా వెనక్కి వెళ్లాయి. ముక్క అక్కడే ఉంది. ఆయన నల్లదారం ఒకటి తెమ్మని బంపరుకు కట్టించి, "పద" అన్నాడు.

పట్టా తీశాను. కోళ్లు తిట్టుకుంటూ బయటికొచ్చాయి. నాన్న ఎడం చేత్తో కమ్మీ పట్టుకుంటే నేను వెనక నుంచి తోశాను. మూడు మెట్లకు మూడుసార్లు ఆగి, సీట్లో కూర్చున్నాడు. ఏడు నెలల తర్వాత. స్టీరింగు మీది దుమ్మును ఎడం చేత్తో తుడిచాడు. అమ్మ చేతిలో అట్లకాడతో కింద నిలబడింది, దాన్ని పొయ్యి దగ్గర పెట్టి రావాలని గుర్తు లేనట్టుంది.

తాళంచెవి చిల్లులో పెట్టడానికే అయిదారుసార్లు పట్టింది. పెట్టాక వేళ్లు జారాయి. మళ్లీ జారాయి.

"చాల్లే, దిగయ్యా" అంది అమ్మ.

"ఉండవే."

మణికట్టు కదిలింది. బొటనవేలు తెల్లబడింది. నేను ఎవరి వైపు ఉన్నానో ఆ నిమిషంలో నాకు తెలిసిపోయింది, పిడుగురాళ్ల వైపు కాదు. టిక్కుమంది. తాళం సగం చుట్టు తిరిగి, చివరిదాకా వెళ్లి, ఆగింది.

లైటు వెలగలేదు. మీటరు ముల్లు కదల్లేదు. ఇంజిన్ మూలగను కూడా లేదు. ఆయన మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పాడు. టిక్.

"తిరిగిందిరా" అన్నాడు.

"తిరిగింది నాన్నా."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, పొగ వల్ల అంది. పొగ రావాలంటే ముందు బండి స్టార్టవ్వాలి. సోమవారం బ్రోకరు ఫోన్ చేస్తే మాత్రం, "అమ్మటంలా, మళ్లా చెయ్యమాక" అని పెట్టేసింది. బండి ఇంకా అక్కడే ఉంది, కోళ్లు తిరిగొచ్చాయి, వేలికి ఇరవై సార్లు అలాగే నడుస్తోంది.

తాళం తిరిగిన మర్నాడు మెకానిక్ వచ్చి చూసి, నా వైపు జాలిగా చూసి చెప్పాడు: బ్యాటరీ ఉత్తదైపోయింది, బండిని నెలల తరబడి నిలబెట్టేటప్పుడు మొదటి రోజే బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి పెట్టాలి.