కరెంటు ఉందేటమ్మా?

పోయిన వారం పెదనాన్న పోయారు. పొద్దున్నే మాడుగుల నుంచి ఆయన కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. చోడవరంలో బస్సెక్కింది మొదలు అక్కడ దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇప్పుడు మాత్రం కోపంగా ఉంది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచీ రాస్తాను, ఈ కోపమూ రాస్తాను.

పెదనాన్నది హల్వా కొట్టు. అనకాపల్లి దుకాణాలకు తనే సరుకు వేసేవారు. పెట్రోలు ఖర్చు భరించలేక సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నారు. "సగం ధరకే వచ్చేసిందే! ఇంక బంకు మొకం సూడక్కర్లేదు," అని ఒకటే మురిసిపోయారు.

అంతవరకూ పెళ్లిళ్లలోనే కనిపించే మనిషి, మా ఆయన పోయాక వారం వారం మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ముందు ఫోన్ చేసేవారు. "కరెంటు ఉందేటమ్మా?" పాపం, ఉక్కకు తట్టుకోలేరు కాబోలు అనుకునేదాన్ని. లేదంటే, "అయితే వచ్చే వారం వస్తాన్లే," అనేవారు.

వచ్చాక కిటికీలోంచి వైరు లాగి, "దీనికీ ఆకలేస్తందే," అంటూ కారుకి తగిలించేవారు. విస్తరాకులో నెయ్యి కారే హల్వా నా చేతిలో పెట్టేవారు. చారు రెండోసారి వేయించుకునేవారు. నేనేడిస్తే ఓదార్చకుండా, ఏడవనిచ్చేవారు. వెళ్లేటప్పుడు, "నిన్ను సూడకపోతే తోచదే గుంటా," అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని వారమంతా నెట్టుకొచ్చేదాన్ని.

శ్మశానం నుంచి వచ్చాక అరుగు మీద అన్నయ్య అన్నాడు: "ఆ కారు బ్యాటరీ ఎప్పుడో సగం సచ్చిపోయిందే. కొత్తది ఎయ్యాలంటే ఇంచుమించు కారు కొన్నంత అవుద్దన్నారు. నాన్న కాడ అంత ఎక్కడిది? దార్లో మీ ఇంటికాడ సార్జింగ్ పెట్టకపోతే అనకాపల్లి ఎల్లేదే కాదు."

అనకాపల్లి నుంచి వచ్చిన మా మేనత్త కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "తిరిగెల్లేటప్పుడు మా ఇంటికాడ పెట్టేవోడు. 'నిన్ను సూడకపోతే తోచదప్పా' అనేవోడు తమ్ముడు."

అదే మాట! నా ఒళ్లు మండిపోయింది.

మీరే చెప్పండి, అడిగితే కరెంటు ఇవ్వనా? "ఛార్జింగ్‌కి వస్తన్నానమ్మా," అంటే అన్నం పెట్టి మరీ పంపేదాన్ని కదా. ఆ మాట ఎందుకు అనాలి? అన్నది నిజమో కాదో ఇప్పుడు ఎవర్ని అడగను?

ఆయనొచ్చే రోజు కదా అని నిన్న చారు పెట్టాను. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఈ వారం మా వీధిలో కరెంటు ఒక్కసారి కూడా పోలేదు.