ఇరవై ఏడిళ్ల బియ్యం

కోస్గి దగ్గరి ఆ ఊళ్లో పద్నాలుగేళ్లుగా బడిపిల్లలకు వండిపెడుతున్న బాలనర్సమ్మకు అన్నం వండడంలో ఉన్న పట్టు మామూలుది కాదు. పిడికెట్లోకి తీసుకుని చూసి పాత బియ్యమా కొత్త బియ్యమా, ఎసరు ఎంత పెట్టాలి, చెప్పేసేది. నూట ముప్పై మందికి వండే ఆ గుండిగలో ఒక్కనాడూ అన్నం మాడలేదు, పలుకు కాలేదు. అలాంటి మనిషికి పొయ్యి అంటేనే భయం పట్టుకుంది.

కారణం చూస్తే గోరంత. రెండు వేల ఇరవై మూడు వానాకాలంలో ఒకనాడు టీవీలో, ఎక్కడో బళ్లో మధ్యాహ్నం అన్నం తిని పిల్లలు వాంతులు చేసుకున్నారని చూపించారు. అది ఏ ఊరో కూడా ఆమె సరిగా వినలేదు. ఒక తల్లి ఆటో దిగి పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తడం మాత్రం చూసింది. మరునాడు పొయ్యి దగ్గర నిలబడితే ఆ తల్లే కళ్ల ముందు. మూత తీసి చూసింది, బల్లీ గిల్లీ ఏమీ లేదు. మూత పెట్టింది. పెట్టేటప్పుడు పడిందేమోనని మళ్లీ తీసింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, ఈమె గరిటెలకు గరిటెలు తీసి చూసేది. అన్నిసార్లు మూత తీస్తే ఆవిరంతా పోయి అన్నం ఎలా మగ్గుతుంది? వారం తిరగకముందే పిల్లల పళ్లేల్లో పలుకన్నం పడింది. ఒక పిల్ల కడుపునొప్పి అన్నది. పెద్ద నొప్పేం కాదు, సాయంత్రానికి తొక్కుడుబిళ్ల ఆడుతూనే ఉంది. బాలనర్సమ్మ మాత్రం మరునాడు బడికి పోలేదు.

గుండె దడదడలాడుతుంటే భర్త గాలయ్య పాలమూరు దవాఖానకు తీసుకుపోయాడు. "గుండె గట్టిగుందమ్మా, జర ఫికర్ తగ్గించుకో" అని డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. ఫికర్ తగ్గించుకోవడం చేతనైతే అంత దూరం ఎందుకు పోతుంది? మాత్రలతో కొంత నిద్ర పట్టిన మాట నిజం. పొయ్యి ముట్టించడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఇంట్లో గాలయ్యే వండేవాడు, తిన్నంతసేపూ వండినవాణ్ణి తానే తిట్టుకునేవాడు.

ఆమె ప్రార్థన మానలేదు. పూటకు పదిసార్లు చేసేది. కానీ ప్రార్థనా ఆ గుండిగ తీరే అయింది. ఆమెన్ అన్న మరుక్షణమే దేవుడు విన్నాడో లేదోనని మళ్లీ మొదటికి వచ్చేది.

బళ్లో తోటి వంటమనిషి జాహేదా ఒక్కతే పదకొండు రోజులుగా అందరికీ వండుతోంది. హెడ్మాస్టరు దివాకర్ సారు గాలయ్యను పిలిచి, "సోమవారం దాక చూస్త. అప్పటికి రాకుంటె ఇంకొకర్ని పెట్టుకోవాలె. పిల్లల ఆకలి ఆగదు గద" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారం, చర్చిలో ఆరాధన అయిపోయాక, రాహేలమ్మ చిన్న సంచి పట్టుకుని ఇంటికి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలమ్మ, సంఘంలో ఆడవాళ్లకు పెద్ద దిక్కు.

సంచిని చూడగానే బాలనర్సమ్మకు అర్థమయింది. ఆ సంఘంలో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని పేర ముంతలో వేస్తారు. వారమంతా చేరినవి ఆదివారం మందిరంలో కలిపి, ఏ ఇంట్లో ఇబ్బంది ఉంటే ఆ ఇంటికి అందులోంచి కొన్ని పంపుతారు. ఇరవై ఏళ్లుగా తనూ వేస్తూ వచ్చింది. ఎవరింటికి పోతున్నాయో ఎన్నడూ ఆరా తీయలేదు. అవి తన గడప తొక్కుతాయని కలలో కూడా అనుకోలేదు.

"నాకెందుకవ్వా? మా ఇంట్ల బియ్యమున్నయి."

"బియ్యమున్నయి, వండే చెయ్యి ఏది? లే బిడ్డా, పొయ్యి ముట్టియ్యి."

"నాతోని గాదు."

"నేను గీడనే కూసుంట. ముందుగాల తినేది నేనే. ఏమన్నయితే నాకే అయితది, నా వయసుకు గదేం వింత గాదు."

ఏడవబోయిన మనిషికి నవ్వొచ్చింది. లేచి చాటలో బియ్యం పోసుకుంది. చూడగానే వంటమనిషి ప్రాణం ఉసూరుమంది. దొడ్డువి, సన్నవి, పాతవి, కొత్తవి, మధ్యలో నూకలు. పాతవి నీళ్లు తాగుతాయి. కొత్తవాటికి నాలుగు చుక్కలు ఎక్కువైతే ముద్ద. ఇన్ని రకాలకు ఎసరు ఎంతని పెట్టాలి?

రాళ్లు ఏరుతుంటే వేళ్లు నెమ్మదించాయి. ఈ దొడ్డు గింజ కాటమయ్య వాళ్లది, వాళ్లు రేషన్ బియ్యమే తింటారు. ఈ సన్నవి కుట్టుమిషన్ సంధ్యవి. ఈ నూకలు ఊరి చివర ఒంటరిగా ఉండే శారదమ్మవి. ఆమె వండుకునేదే నూకలు, అందులోనూ పిడికెడు తీసింది. బాలనర్సమ్మ గింజకొక ఇంటి పేరు చెబుతూ పోతోంది, రాహేలమ్మ తల ఊపుతోంది.

"ఈ వారం పిడికెడు తీసినప్పుడల్ల నీ పేరు చెప్పి తియ్యమన్న బిడ్డా," అన్నది. "పొద్దుగాల, మాపటికి. ఇరవై ఆరిండ్లల్ల."

బాలనర్సమ్మ ఏరడం ఆపి చాటలోని బియ్యం వైపు చూసింది. లోకంలో ఒక్కదాన్నే అనుకుంటూ గోడవైపు తిరిగి పడుకున్న ప్రతి పూటా, ఇరవై ఆరు పొయ్యిల దగ్గర తన పేరు దేవునికి చెప్పారు. తన ప్రార్థన చేరిందో లేదోనని తాను గింజుకుంటుంటే జవాబు పిడికెడు పిడికెడుగా పోగవుతూనే ఉంది. ఎంత పెద్ద దేవుడు, ఎంత చిన్న ముంతలు!

అప్పుడు కంటబడ్డాయి పొడుగాటి తెల్లటి గింజలు. బిర్యానీ బియ్యం. సంఘంలో అవి కొనే ఇల్లు లేదు.

"గివి ఎవరియవ్వా?"

"జాహేదావి. నేను వస్తుంటె తొవ్వల ఆపింది. మీ దేవుని సంచిల నాదొక పిడికెడు పడతదా అన్నది. బాలక్క కోసం దువా చేసి ఏసింది."

తన పనీ మీదేసుకుని చేస్తున్న జాహేదా. బాలనర్సమ్మ చాట ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, ఎసరు పెట్టింది.

"ప్రభువా, ఇవి నా లెక్కకు ఉడికేటివి గావు. నువ్వే చూస్కో." అని మూత పెట్టింది. రెండు నిమిషాలు కాలేదు, చెయ్యి మూత మీదికి పోయింది. రాహేలమ్మ ఆ చెయ్యి పట్టి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇచ్చినంక మల్ల గుంజుకోవద్దు."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మూత తీసేసరికి కొన్ని మెతుకులు మెత్తన, కొన్ని బిరుసు, నూకలు కరిగి అన్నిటికీ అంటుకుని ఉన్నాయి. పలుకు మాత్రం ఎక్కడా లేదు. అన్న మాట ప్రకారం మొదటి ముద్ద రాహేలమ్మే తిన్నది. తరువాత బాలనర్సమ్మ పళ్లెంలో పెట్టుకుని, అంతమంది పిడికిళ్లలోంచి వచ్చిన అన్నం ముందు ఎలా కూర్చోవాలో తెలియక, ప్రార్థనలో కప్పుకున్నట్టు కొంగు తలమీద కప్పుకుంది. పచ్చిపులుసు పోసుకుని మారు పెట్టించుకుని తిన్నది.

సోమవారం అందరికన్నా ముందు బడికి పోయింది.

ఇప్పటికీ రోజూ తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకుంటుంది. ఆదివారం రాగానే ఈ వారం ఎవరి పేరు చెప్పాలని రాహేలమ్మను అడుగుతుంది. బళ్లో గుండిగకు మూత పెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. మొన్న దివాకర్ సారు అటుగా పోతూ అడిగాడు.

"భయం పోయినట్టేనా, బాలనర్సమ్మా?"

"యాడ పోయింది సారూ. రోజు వస్తది. పక్కకు కూసోమంట. అన్నం మగ్గేదాంక ఇద్దరం కూసుంటం. మూత మాత్రం ముట్టనియ్య."

బెల్లు కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుస కట్టారు. జాహేదా వచ్చి మూత తీసింది.