ఊరి పిడుగు హాజరు

ఆ కోర్టు బంట్రోతుకు దేవుడిచ్చిన ఆస్తి గొంతు ఒక్కటే. గుమ్మం దగ్గర నిలబడి ముద్దాయి పేరు మూడుసార్లు పిలవడం అతని ఉద్యోగం. మూడోసారికీ పలక్కపోతే ఆ మనిషి రానట్టే లెక్క. ఏళ్ల తరబడి ఇదే పని కావడంతో ఇంట్లో కూడా అతని మాట ఒక్కసారితో ఆగేది కాదు. "మంచినీళ్లు! మంచినీళ్లు! మంచినీళ్లు!" అని కేకేస్తే, "ఒక్కసారి చాలు, నేనేం పరారీలో లేను" అనేది భార్య వంటింట్లోంచి.

దీనికి తోడు జడ్జిగారి చెవులు. ఒకటి ఎప్పుడో పోయింది, రెండోది భోజనం తర్వాత పనిచెయ్యదు. సాక్షులు నసిగితే ఆ మాటల్ని బంట్రోతు గట్టిగా అప్పజెప్పాలి. మొగుడు తిట్టాడని ఎవరైనా ఏడుస్తూ చెబితే, ఆ తిట్లన్నీ ఇతని నోట మోగేవి, అలవాటు కొద్దీ మూడేసి సార్లు. "వాడు ఒక్కసారే తిట్టాడయ్యా బాబూ" అని వకీళ్లు మొత్తుకునేవారు.

అతనికో అక్క ఉంది. వాళ్లింటి ముందుగదిలోనే కుట్టుమిషన్ పెట్టుకుని తన బతుకు తాను బతుకుతోంది. చొక్కా కాలరు ముడత పడకుండా ఎలా తిప్పాలో ఫోన్‌లో వీడియోలు తీసి పెట్టేది. మొహం చూపించడానికి సిగ్గుపడి చేతులు మాత్రం కనిపించేలా తీసేది. ఆ చేతుల మీదే పడ్డారు పుణ్యాత్ములు. ఊరి పిడుగు అనే పేరుతో ఒకడు రోజూ క్రమం తప్పకుండా వచ్చి, "ఆ కప్ప చేతులు చూస్తే అన్నం సహించదు. కాలరు కాదు, ముందు అవి కత్తిరించుకో" అని రాసేవాడు. కుక్కతోక, అగ్గిబరాటా అనే మరో ఇద్దరు వంతపాడేవారు. కాలరు గురించి మాత్రం ఎవడూ ఒక్క ముక్క అనలేదు.

"ఫోన్ మూసేస్తే పోయేదానికి ఏడుపెందుకక్కా?" అన్నాడు తమ్ముడు. అక్క ఫోన్ మూసేసింది. మర్నాడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది. వాటితోనే వంట, వాటితోనే భోజనం. తొడుగులతో సూదిలోకి దారం ఎక్కదు కాబట్టి కుట్టుపని మూలపడింది. పక్కింటి పసిపాప ఎత్తుకోమని మీదికి దూకితే చేతులు వెనక్కి పెట్టుకుంది. అది చూశాక బంట్రోతు ఊరుకోలేకపోయాడు. తనే దగ్గరుండి ఫిర్యాదు ఇప్పించాడు.

కోర్టు వరండాలో దీని మీద పెద్ద చర్చ నడిచింది. "మాటకి శిక్షేమిటండీ? అలాగైతే మా అత్తగారికి యావజ్జీవం పడాలి" అన్నాడు ఒక వకీలు. "రాయి విసిరితే కేసుంది, మాట విసిరితే ఉండక్కర్లేదా?" అన్నాడు ఇంకో వకీలు. ఇద్దరూ ఒకరి వంశాన్ని ఒకరు శుభ్రంగా కడిగేసుకుని కలిసి టీకి వెళ్లారు.

ఫోన్ నంబర్లు పట్టుకుని సమన్లు పంపారు గానీ, అసలు పేర్లు కాగితం మీదికి ఎక్కించే తీరిక ఎవరికీ లేకపోయింది. దాంతో ముద్దాయిల పేర్లు కేసులో కూడా అవే ఉండిపోయాయి. సొంత అక్క కేసులో నువ్వెలా పిలుస్తావని గుమాస్తా నీళ్లు నమిలాడు. పిలవడానికి మరో గొంతు లేదు కాబట్టి సంగతి అక్కడితో ఆగిపోయింది.

వాయిదా రోజు వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. తొడుగుల చేతులు చీర చెంగులో దాచుకుని నిలబడ్డ అక్కను చూసి ఒక పెద్దమనిషి లేచాడు. వెనక వీధిలో కళ్లద్దాల దుకాణం ఆయనది, మాట మహా మెత్తన. "ఫ్యాను కింద కూర్చోండమ్మా, నేను ఇలా చివర సర్దుకుంటాను. అయ్యో, చేతులకేమైంది? కాలాయా?" అని జాలిపడ్డాడు. అక్క చేతుల్ని చెంగులో ఇంకా లోపలికి దోపుకుని కూర్చుంది. లోకంలో ఇంకా మంచితనం మిగిలి ఉందనుకుని బంట్రోతు ఆయనకు నమస్కారం పెట్టాడు.

ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. "కుక్కతోకా! కుక్కతోకా! కుక్కతోకా! హాజర్!" ఎవరూ కదల్లేదు. అగ్గిబరాటా కూడా పత్తా లేడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "ఊరి పిడుగూ! ఊరి పిడుగూ!" మూడో కేక పడకముందే అక్క పక్కనుంచి కళ్లద్దాలాయన తల దించుకుని లేచాడు.

"వచ్చానండీ" అన్నాడు.

అక్క చటుక్కున పక్కకు జరిగింది. బంట్రోతుకు ఇందాక పెట్టిన నమస్కారం వెనక్కి లాక్కోవాలనిపించింది.

లోపల జడ్జిగారు, "ఏం రాశారో మీరే చెప్పండి" అన్నారు. కళ్లద్దాలాయన ఏదో గొణిగాడు. "వినపళ్లేదు. బంట్రోతూ, నువ్వు చెప్పు."

బంట్రోతు అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు తన తల దువ్విన చేతులవి. అయినా ఉద్యోగం కదా, కళ్లనీళ్లు కారుతుండగానే ఆ మాట మొత్తం అప్పజెప్పాడు. తీరా చెప్పాక నోరు ఆగలేదు, రెండోసారి కూడా అనేసింది. "చాలయ్యా!" అని వకీలు చెయ్యి అడ్డం పెట్టాడు. మూడోసారీ అయింది. బోనులో కళ్లద్దాలాయన చెవులు మూసుకున్నాడు. "ఆపించండి బాబూ, వినలేకపోతున్నాను" అన్నాడు. వినలేడట! రాసేటప్పుడు మాత్రం చెయ్యి నొప్పి కూడా పుట్టలేదు మహానుభావుడికి.

ఆయన అక్కకు చేతులు జోడించాడు. "అమ్మా, మీరెవరో నాకు తెలియదు. మీ మీద నాకే పగా లేదు. దుకాణంలో బేరాల్లేక, ఊసుపోక రాశాను. ముక్కూమొహం తెలియని మనిషిని ఏదో అన్నానని జైలేమిటమ్మా?"

"క్షమాపణ అడుగుతున్నాడు. మీరేమంటారమ్మా?" అన్నారు జడ్జిగారు.

అక్క లేచి నిలబడింది. "తెలిసినవాడు తిడితే నాకు కోర్టెందుకండీ? వాడింటికెళ్లి, నలుగుర్నీ పోగేసి, నేనే కడిగేసేదాన్ని. ఈయనెవరో తెలియకే కదా ఇన్నాళ్లూ ఎదురొచ్చిన ప్రతి మగాణ్ణీ చూసి, వీడేనేమో అని హడలి చచ్చాను! ఇందాక పక్కనే కూర్చున్నా పోల్చుకోలేకపోయాను. ముందు శిక్ష వెయ్యండి. క్షమించే సంగతి ఇంటికెళ్లి తీరిగ్గా ఆలోచించుకుంటాను."