పాయ దాటే జీపుకి ఏ బెల్టు?

పశువుల డాక్టరుగా నా పని ఎక్కువగా కృష్ణా నది లంకల్లోనే. వేసవిలో నీళ్ళు తగ్గాక, ఇసుకలోనూ మోకాటి లోతు పాయలోనూ బండిని దింపితే తప్ప ఆ ఊళ్ళకి చేరలేను. అందుకని ఒక పాత డీజిల్ జీపు కొనుక్కున్నాను. పాయ దాటి గట్టెక్కగానే దాని బానెట్ కింద కీచుమని అరుపు మొదలయ్యేది. తడిసిన బెల్టు జారుతున్న చప్పుడు. కంకిపాడు వచ్చేదాకా అదే. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా చెవిలో మోగుతూనే ఉండేది.

ఆటోనగర్‌లో నా జీపు చూసే మేస్త్రీ పెద్దాయన. బానెట్ ఎత్తి చూపించారు.

"రెండు వి-బెల్టులున్నాయి డాక్టరమ్మా. ఒకటి ఫ్యాన్నీ నీళ్ళ పంపునీ తిప్పుద్ది, రెండోది బ్యాటరీకి ఛార్జింగిచ్చే ఆల్టర్నేటర్ని. సాగినప్పుడల్లా బిగించుకోవాలి. అరుపు వద్దంటే కొత్త బళ్ళకొచ్చే పాము బెల్టు వేసెయ్యొచ్చు. పుల్లీలన్నీ మార్చాలి మరి."

వెడల్పుగా, పల్చగా, లోపలివైపు చాళ్ళతో ఉండే పొడవాటి బెల్టు అది. ఆ ఒక్కటే అన్ని పుల్లీల మీదుగా మెలికలు తిరిగి అన్నిటినీ నడుపుతుంది. స్ప్రింగు మీద ఉండే చిన్న చక్రమొకటి దాన్ని ఎప్పుడూ బిగువుగా పట్టి ఉంచుతుంది.

"మీరైతే ఏది వేసుకుంటారండీ?" అని అడిగాను.

"నేను ఆటోనగర్ దాటి ఎక్కడికి పోతానమ్మా? ఇసకలో దిగబడేది మీరు," అన్నారు.

ఆ మాటతో నాకు దిగులు ఇంకా ఎక్కువైంది. వారం రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. మావారు కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. కాగితం మీద పుల్లీలు గీసి, "ఒకటే బెల్టుంటే, అది తెగిన రోజు అన్నీ ఆగిపోతాయి," అన్నారు.

"అయితే పాతవే ఉంచమంటారా?"

"అలా అన్లేదు. కొత్తది అంత తేలిగ్గా తెగదు కదా."

కాగితం ఆయన చేతిలోనే వదిలేసి లేచి వెళ్ళిపోయాను. చివరికి పాము బెల్టే వేయించాను. అరుపు భరించలేక చేసిన పని, ఆలోచించి చేసింది కాదు.

రెండు నెలలు బండి చప్పుడు లేకుండా నడిచింది. సీటు కింద స్పేర్ బెల్టు కూడా పెట్టుకున్నాను. అయినా నాకు కుదురు లేదు. పాయలో దిగే ముందు ప్రతిసారీ ఆగి, బానెట్ ఎత్తి, వేలితో నొక్కి చూసేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే లంక నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మా గేదె తెల్లారగట్ల నుంచీ నొప్పులు పడతా ఉందండీ. దూడ రావట్లేదు."

వెంటనే బయల్దేరాను. పాయ దాటి అవతలి ఇసుకలో కొంత దూరం పోయానో లేదో, కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఎర్ర లైటు వెలిగింది, వేడి ముల్లు పైకి పాకుతోంది. ఇంజను ఆపి చూస్తే బెల్టు పీలికలైపోయి ఉంది. బిగువు పట్టే చక్రంలో బురదా ఇసుకా దూరి, అది కదలకుండా పట్టేసింది. స్పేర్ బెల్టు చేత్తో పట్టుకునే మేస్త్రీ గారికి ఫోన్ చేశాను.

"చక్రం తిరగనప్పుడు కొత్తదేసినా కాలిపోద్దమ్మా. బండి అక్కడే వదిలేసి ఎల్లండి," అన్నారు.

సంచీ భుజాన వేసుకుని ఎండలో అరగంట నడిచాను. నడక కూడా కాదు, సగం పరుగు. వెళ్ళి చెయ్యి పెట్టి చూస్తే దూడ తల వెనక్కి తిరిగి ఉంది. సరిచేసి బయటికి తీసేసరికి చాలాసేపు పట్టింది. దూడలో ప్రాణం లేదు. గేదె మాత్రం కాసేపటికి లేచి నిలబడి కుడితి తాగింది.

"దారిలో బండి ఆగిపోయిందమ్మా. లేకపోతే అరగంట ముందే వచ్చేదాన్ని," అన్నాను.

"అప్పటికి బతికుండేదా అండీ?"

"తెలీదమ్మా."

ఆవిడ నా చేతుల మీద చెంబుతో నీళ్ళు పోసింది, సబ్బు అందించింది. తిడితే బాగుండుననిపించింది.

ఒక ట్రాక్టరు నా జీపుని గట్టు మీదికి లాగింది. మర్నాడు ఆటోనగర్‌లో, "మళ్ళీ పాతవే వెయ్యండి," అన్నాను. మేస్త్రీ గారు పాత పుల్లీలు బయటికి తీశారు. బెల్టు మార్చడం నాకు నేర్పమన్నాను. ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి, బెల్టు తొడిగి, చిన్న గడ్డపారతో ఎత్తిపట్టి బిగించాలి. మూడుసార్లు నా చేతే విప్పించి, నా చేతే వేయించారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఉయ్యూరు దగ్గర, చెరకు ట్రాక్టర్ల వెనక ఉండగా ఆల్టర్నేటర్ బెల్టు తెగింది. నీళ్ళ పంపు తిరుగుతూనే ఉంది. నిదానంగా చెట్టు నీడ దాకా నడిపి, అక్కడ మార్చుకుని, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాను.

లంకలోని ఆ గేదె మళ్ళీ చూడి కట్టిందని మొన్న ఆవిడే ఫోన్ చేసింది. ఈసారీ మీరే రావాలండీ అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటే, నెలలు నిండేది సరిగ్గా వానల్లో. అప్పటికి పాయ నిండి ఏ జీపూ దిగదు. రేవులో పడవ ఎన్నింటిదాకా ఉంటుందో ఎవరినైనా కనుక్కోవాలి.