ఫోర్‌మన్ రెండోసారి చెప్పిన మాట

నాటకంలో తెరచాటున కూర్చుని మాట అందించేవాడికి చప్పట్లు రావు. మా ఊళ్లో పదేళ్లు ఆ పని చేశాను కాబట్టి నాకీ సంగతి బాగా తెలుసు. అలాంటిది నా జీవితంలో ఒక్కసారి, అదీ కువైట్‌లో, అదీ ఆస్ట్రేలియా వాళ్ల నాటకంలో, ఆ మూలన కూర్చునే హాలంతా లేచి నిలబడేలా చేశాను. గొప్పలు పోతున్నాడనుకుంటే అనుకోండి. మాది కోనసీమ, గొప్పలు పోవడం మాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఎనభైల నడిమి రోజులవి. నేనొక కట్టుబడి కంపెనీలో టైపిస్టుని. సబా అల్ సలేంలో ఇళ్లు కడుతున్నాం. సైటు ఫోర్‌మన్ ఆస్ట్రేలియా మనిషి. ఆరడుగుల పైన పొడుగు, ఎండకి కమిలిపోయిన మెడ. పొద్దున్న ఆరింటికే కాంక్రీటు కలిపే మిల్లరు మోతని మించి అరిచేవాడు. ఆ ఇంగ్లీషు నేను బడిలో చదువుకున్న ఇంగ్లీషు కాదు. సగం ముక్కులోంచి వచ్చేది, మిగతా సగం మింగేసేవాడు. నాకు అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది. అదే మనిషి ఆఫీసుకొచ్చి ఇంగ్లండు ఇంజనీరు ముందు నిలబడితే గొంతు మారిపోయేది. చిక్కుడుకాయలు ఏరుకున్నట్టు ఒక్కో మాటా ఏరి ఏరి మాట్లాడేవాడు. చూసి నవ్వుకునేవాణ్ణి.

ఆయన భార్య స్కూలు టీచరు. ఒకరోజు ఆఫీసుకొచ్చి చేత్తో రాసిన కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి, టైపు చేసిపెట్టగలరా అని అడిగింది. చూస్తే నాటకం. ఆవిడే రాసింది. కరువొచ్చిన పొలం అమ్ముకోవాలా వద్దా అని తల్లీ కొడుకూ తగువుపడే కథ. తల్లి ఆ దుమ్ములోనే పుట్టి పెరిగింది. ఇంగ్లండు ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా ఇంగ్లండుని 'మన ఇల్లు' అంటుంది. పొలం అమ్మేసి ఆ ఇంటికి పోదామంటుంది. చివర్లో కొడుకు తిరగబడతాడు. "నేను చూడని చోటు నా ఇల్లెలా అవుతుంది? నా పళ్ల మధ్య కరకరలాడే ఈ దుమ్మే నా ఇల్లు. నా నోట పలికేదే నా మాట." ఆ పేజీ టైపు చేస్తుంటే నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఇలాంటి తల్లులు నిజంగా ఉంటారా మేడమ్?" అని అడిగాను.

"మా అమ్మమ్మ అలాగే అనేది" అంది. "నా చిన్నప్పుడు ఏ నాటకానికి పోయినా లండన్ ఇళ్లు, లండన్ మనుషులే. మావాళ్లే వేషాలు కట్టి లండన్ వాళ్లలా మాట్లాడేవారు. మా వంటింటి మాట స్టేజీ మీద వినపడిందంటే అది నవ్వించడానికే. ఈ మధ్యనే మావాళ్లు చిన్న చిన్న హాళ్లలో మా మాటతో, మా కష్టసుఖాలతో నాటకాలు వేయడం మొదలుపెట్టారు. మా మాటలో ఒక మనిషి ఏడవడం స్టేజీ మీద మొదటిసారి విన్నరోజు నేనూ ఏడ్చాను. మాకూ ఒక దేశం ఉందని నాకు ఆ రోజే తెలిసింది."

కువైట్‌లోని ఇంగ్లీషువాళ్లకి ఒక నాటకాల క్లబ్బు ఉండేది. కమిటీలో అందరూ ఇంగ్లండు వాళ్లే. సెక్రటరీ మర్యాదస్తుడు. నాటకం చదివి చాలా బాగుందన్నాడు. "ఉచ్చారణ మాత్రం కాస్త శుభ్రం చేసుకుంటే సరిపోతుంది" అన్నాడు. ఆవిడ కుదరదంది. చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఒక్క ఆట ఇచ్చారు. జనానికి నచ్చకపోతే మళ్లీ ఆస్ట్రేలియా నాటకం ఊసెత్తకూడదని ఒప్పందం. తల్లి వేషం ఆవిడే కట్టింది, కొడుకు వేషం మొగుడిచేత కట్టించింది. మూడుసార్లు టైపు చేసి నాటకమంతా నాకు నోటికొచ్చేసింది కాబట్టి తెరచాటు కుర్చీ నాకు దక్కింది.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పాలి. ఆయనది కడప జిల్లా. మా ఫోర్‌మన్ కిందే సెంట్రింగు పని చేసేవాడు. ఎగైలా పక్కన మా కంపెనీ షెడ్డుల్లో ఆయన మంచమూ నా మంచమూ పక్కపక్కనే. ఏటా ఉగాదికి మేం వేసుకునే నాటకానికి నేనే దర్శకుణ్ణి. ఆయనకి ఏటా భటుడి వేషమే ఇచ్చేవాణ్ణి. ఈటె పట్టుకు నిలబడాలి, మాట ఉండదు. "మీ యాసకి జనం నవ్వుతారండి బాబూ" అని ముఖానే చెప్పాను.

"సరేలేన్నా. నిలబడేదానికి యాసతో ఏం పని?" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు.

ఒక సాయంత్రం మెస్సులో అన్నాల దగ్గర మావాళ్లకి ఈ ఆస్ట్రేలియా కథ చెప్పాను. కొడుకు మాటల్ని చక్కటి గ్రాంథికంలోకి మార్చి, చెయ్యి ఊపుతూ మరీ చెప్పాను. ఒక్కడూ కంచంలోంచి తల ఎత్తలేదు. కడపాయన మాత్రం చెయ్యి కడుక్కొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ పిల్లోడు అట్ల చెప్పడన్నా. కన్నతల్లితో గదా మాట్లాడేది? ఇట్ల చెప్తాడు." నేలకేసి చూసి, తలెత్తి అన్నాడు. "చూడని చోటు నాదెట్లయితాది మా? ఈ మన్నులో పుట్టినోణ్ణి, ఈ మన్ను తిని పెరిగినోణ్ణి. నా ఇల్లు ఇదే. నా మాట గూడా ఇదే."

ఈసారి కంచాల్లోంచి తలలన్నీ లేచాయి. నాకు ఒళ్లు మండింది. "బాగానే ఉందిలెండి" అనేసి కంచం పట్టుకుని లేచిపోయాను.

ఆట రోజుకి టిక్కెట్లు సగమే అమ్ముడయ్యాయి. ఖాళీ కుర్చీలు కమిటీకి చూపించడం ఇష్టంలేక మేడమ్ నా చేతికి పాసులిచ్చింది. పదిహేనుమంది మనవాళ్లని కంపెనీ బస్సులో ఎక్కించుకొచ్చి వెనక వరసల్లో కూర్చోబెట్టాను. ఈలలు వేయొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, మధ్యలో లేవొద్దు అని బస్సులో పాఠం చెప్పాను. ఒక్క సంగతి చెప్పడం మర్చిపోయాను.

మన పద్యనాటకాల్లో నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు కదా. అంటే పాడి తీరాలి. చచ్చిపడిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ అందుకుని, మళ్లీ చావాలి. ఆ అలవాటు ఇంగ్లీషువాళ్లకి లేదు.

నాటకం బాగానే నడిచింది. ముందు వరసలో సెక్రటరీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కొడుకు తిరగబడే ఘట్టం వచ్చింది. ఫోర్‌మన్ స్టేజీ ముందుకొచ్చాడు, ఆ ముందు వరస కేసి చూశాడు. అంతే, గొంతు మారిపోయింది. ఇంజనీరు ముందు మాట్లాడే ఆఫీసు గొంతు! నా నోట పలికేదే నా మాట అనే మాటనే పరాయి గొంతుతో, ఒక్క తప్పూ లేకుండా చెప్పాడు. నేను తల పట్టుకున్నాను. ఎదురుగా తల్లి వేషంలో ఉన్న ఆవిడ ముఖం పాలిపోయింది. ముందు వరసల్లో మర్యాదకి నాలుగు చప్పట్లు పడ్డాయి.

అప్పుడు వెనకనుంచి కంచు గంటలాంటి కేక. "వన్స్ మోర్!"

కడపాయన. కుర్చీలోంచి లేచి మరీ అరిచాడు. పక్కవాళ్లు ఊరుకుంటారా, పదిహేను గొంతులూ అందుకున్నాయి. సెక్రటరీ లేచి వెనక్కి తిరిగాడు. ఎవరో ఎగతాళి చేస్తున్నారనుకున్నట్టున్నాడు. ఫోర్‌మన్ బిక్కచచ్చిపోయి నా కేసి చూశాడు.

మాట అందించేవాడు రాబోయే మాటే అందించాలి, వెనక్కి పోకూడదు. తరవాతి మాట తల్లిది. అది అందిస్తే నాటకం సాగిపోతుంది, అందరూ మర్యాదగా ఇళ్లకి పోతారు, ఆస్ట్రేలియా నాటకానికి ఖలాస్. నా ఉద్యోగం ఆ ఫోర్‌మన్ చేతిలో ఉంది. అయినా పేజీ వెనక్కి తిప్పాను. ఆ మాటల్లో మొదటి ముక్క మళ్లీ అందించాను. అదీ మామూలుగా కాదు. పొద్దున్న ఆరింటికి సైట్లో ఆయన అరిచే యాసతో, ముక్కుతో, మాట మింగేస్తూ అందించాను.

ఆయన నన్ను గుడ్లప్పగించి చూశాడు. ముఖం ఎర్రబడింది. తర్వాత పెదవి మీద చిన్న నవ్వొచ్చింది. నెత్తిమీది టోపీ తీసి నేలకేసి కొట్టి, పెళ్లాం కేసి తిరిగి, ముందు వరసని మర్చిపోయి చెప్పాడు. ఏం చెప్పాడనుకున్నారు! మిల్లరు మోతని మించిన గొంతు ఆఖరి మాట దగ్గర పగిలిపోయింది. ఆవిడ ఏడ్చింది, వేషంలో కాదు, నిజంగానే. హాల్లో అక్కడో ఇక్కడో కూర్చున్న ఆస్ట్రేలియా నర్సులు ముందు లేచారు, తర్వాత అందరూ లేచారు. సెక్రటరీ ఎలాగూ నిలబడే ఉన్నాడు. ఉన్నమాట చెప్పాలి, అరచేతులు కందేలా చప్పట్లు కొట్టాడు. ఆ నాటకానికి ఇంకో రెండు ఆటలు అక్కడికక్కడే ఇచ్చేశాడు.

తిరుగు బస్సులో నేను నేల మీద లేను. కడపాయన పక్కన కూర్చుని, "అంత నచ్చేసిందాండీ, వన్స్ మోర్ అనేశారు?" అన్నాను.

"నచ్చలేదు గాబట్టే అంటినన్నా" అన్నాడు. "దినామూ మామీద అరిచే గొంతు నాకు తెలీదా? మొదటిసారి చెప్పింది ఆయప్ప గొంతు గాదు. ఇంగోసారి చెప్తే దావకొస్తాడనుకుంటి. వచ్చె."

ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను. మూడుసార్లు టైపు చేసినవాణ్ణి నేను. ఆ మనిషి పరాయి గొంతులో ఇరుక్కుపోతే బయటికి లాగింది ఇంగ్లీషు ముక్క రాని ఈయన. ఆయన నోటికి ఏళ్లతరబడి ఈటె అడ్డం పెట్టింది నేను. సిగ్గేసింది.

ఆ వచ్చిన ఉగాదికి ఈటె ఇంకొకరికిచ్చాను. కడపాయనకి రైతు వేషం, నాటకం మొత్తం ఆయనదే.

"ఎట్ల మాట్లాడల్లన్నా?" అని అడిగాడు.

"ఆయ్, మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగేనండి."

ఫోర్‌మన్‌నీ మేడమ్‌నీ పిలిచాం. మెస్సులో చాప మీద, అందరికంటే ముందు కూర్చున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కన్నార్పకుండా చూశారు. ఆఖర్న రైతు తన నేల గురించి నాలుగు మాటలు చెప్పి ప్రాణం వదులుతాడు. కడపాయన చెప్పాడు, పడిపోయాడు. ఎవరూ నవ్వలేదు. మావాళ్లు కొందరు కండువాలతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

అప్పుడు ముందు వరసలోంచి ఫోర్‌మన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, సైట్లో అరిచే ఆ గొంతుతోనే అరిచాడు. "వన్స్ మోర్!"

చచ్చిపడున్న రైతు ఒక కన్ను తెరిచి తెరచాటుకేసి, నాకేసి చూశాడు. నేను పేజీ వెనక్కి తిప్పాను.