అక్క వాళ్ల పెరట్లో రాకెట్లు

మా అక్క తల పైకెత్తి చూడడం మానేసిన ఏడాదే నేను బుల్లి రాకెట్లు ఎగరేయడం మొదలుపెట్టాను. గుడివాడలో ఒక్కణ్నే ఉండేవాణ్ని. ఏమీ తోచక ఫోను చూస్తుంటే అవి కనిపించాయి. అతికించే పని లేకుండా అన్నీ అమర్చి వస్తాయి. జానెడు కూడా ఉండవు. అడుగున చిన్న మందుగొట్టం దూర్చి, సన్నటి ఇనప కడ్డీకి తొడిగి, దూరంగా నిలబడి బ్యాటరీ మీట నొక్కాలి. పైకి వెళ్లాక లోపలి నుంచి ఎర్ర కాగితపు తోక విచ్చుకుంటుంది. దాంతో మెల్లగా కిందికి దిగుతాయి.

మొదటిది మా అపార్టుమెంటు డాబా మీద ఎగరేశాను. గాలికి పక్క వీధిలోకి కొట్టుకుపోయింది. ఊరి బయటికి వెళ్దామంటే, మా వైపు ఖాళీ జాగా అనేదంతా వరిచేనో చేపల చెరువో. అప్పుడు అక్క వాళ్ల పెరడు గుర్తొచ్చింది. మూడు వైపులా ఇళ్ల గోడలు, ఒక వైపు కొబ్బరిచెట్లు. గాలి చొరబడదు. ఇంత చిన్న రాకెట్‌కి ఆ మధ్యనున్న ఆకాశం ముక్క చాలు.

అక్కది కూచిపూడి పక్కన పల్లె. ఇంటి వసారాలోనే పిల్లలకు నాట్యం నేర్పేది. ఒకరోజు పాఠం మధ్యలో ఆకాశాన్ని చూపిస్తూ చెయ్యెత్తి, చేతితోపాటు చూపూ ఎత్తింది. వసారా మొత్తం గిర్రున తిరిగింది. అక్క పడిపోయింది. చెవి లోపలి తేడా వల్ల అలా అవుతుందని మచిలీపట్నంలో డాక్టరుగారు చెప్పారు. కొన్నాళ్లకు తల తిరగడం తగ్గింది. భయం మాత్రం పోలేదు. అటక మీది సామాను బావగారే దించేవారు. మోపిదేవి గుడికి వెళ్తే గోపురం వైపు చూడకుండానే లోపలికి నడిచేది. పాఠాలు మానేసింది. ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

ఆదివారాలు పొద్దున్నే, సముద్రపు గాలి లేవకముందే వెళ్లేవాణ్ని. బావగారు బకెట్‌తో నీళ్లు తెచ్చి పక్కన పెట్టేవారు. తారాజువ్వకీ దీనికీ తేడా ఏముందని ఆయన అడిగితే, ఇది తిరిగి వస్తుందండీ అన్నాను. అక్క వెనక గుమ్మం మెట్ల మీద గోరుచిక్కుళ్ల ఈనెలు తీస్తూ కూర్చునేది. రాకెట్ కడ్డీ వదిలేదాకా చూసి, తల దించుకునేది. చుయ్‌మన్న చప్పుడు, మందు వాసన, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. తెల్లటి పొగ కొబ్బరాకుల నీడల్లోంచి సాగిపోతూ ఉండేది. కాసేపటికి ఎక్కడో టప్‌మని పడేది. ఎంత ఎత్తు వెళ్లిందని అక్క అడిగేది. చెట్టు మొవ్వుదాకా అనో, పక్కవాళ్ల నీళ్ల ట్యాంకు దాటిందనో చెప్పేవాణ్ని.

కొన్ని వారాల తర్వాత ఒక సంగతి గమనించాను. రాకెట్ లేచినప్పుడల్లా అక్క కుడిచెయ్యి ఒళ్లోంచి లేచేది. వేళ్లు మెల్లగా పైకి సాగి, ఒక చోట ఆగి, రెపరెపలాడుతూ దిగి వచ్చేవి. చూపు నేల మీదే. అయినా ఆ చెయ్యి కిందికి చేరేసరికి టప్‌మనే చప్పుడు వినిపించేది. నేను ఆకాశం వదిలేసి ఆ చేతినే చూడడం మొదలుపెట్టాను. అక్కతో ఏమీ అనలేదు. అంటే ఆపేస్తుందేమోనని.

ఆ శీతాకాలంలో, మంచు ఇంకా విడవని ఒక ఆదివారం, రాకెట్ ఎప్పటిలాగే లేచింది. అక్క చెయ్యి పైకి వెళ్లి దిగుతూ వచ్చింది. చప్పుడు రాలేదు. అక్క చెయ్యి ఒళ్లో వాలకుండా గాల్లోనే ఆగిపోయింది.

"పడలేదేంరా?" అంది.

నాకూ కనిపించడం లేదన్నాను. నిజంగానే మంచులో ఏమీ కనిపించడం లేదు. అక్క గుమ్మం పట్టుకుని లేచింది. బావగారు ఒక అడుగు ముందుకు వేస్తే వద్దన్నట్టు తలాడించింది. ముందు గోడ కింది ఇటుకల వరస చూసింది. తర్వాత ట్యాంకు. తర్వాత ఇంకా పైకి, చాలా నెమ్మదిగా, గడ్డం లేచేదాకా.

"అదిగో. మట్టకి చిక్కుకుంది."

మంచులో ఎర్ర కాగితం సన్నగా ఆడుతోంది. అక్క దాన్ని చూస్తూనే ఉంది. కళ్లు మూసుకుని గుమ్మానికి ఆనుకుంది. మళ్లీ తెరిచి చూసింది. బావగారు బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"తల తిరిగిందా అక్కా?"

"కొంచెం తిరిగింది. ఆగిందిలే." ఇంకోటి ఉంటే ఎగరెయ్యమంది. నా దగ్గర ఇంకోటి లేదు. లోపలికి వెళ్లి కాఫీ పెట్టింది. పెరట్లోకి వచ్చి తాగుతూ ఇంకోసారి చెట్టు వైపు చూసింది.

వేసవి సెలవుల్లో పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. మొదట్లో కుర్చీలో కూర్చునే చెప్పేది. ఇప్పుడు నిలబడుతోంది. ఆకాశాన్ని చూపించే చోట చూపు మునుపటికన్నా చాలా నెమ్మదిగా ఎత్తుతుంది, మెట్టుమెట్టుగా. కొత్తగా చేరిన పిల్లలు అది అలాగే చెయ్యాలనుకుంటారు. వసారా నిండా పిల్లలు, అంతే నెమ్మదిగా కళ్లెత్తుతారు.